‘గేమింగ్ ఎడిషన్’ విండోస్ వేయించుకున్నారా?

సార్, మాది తిరుపతి కోర్లగుంట. కొత్తగా పీసీ అసెంబుల్ చేయించుకున్నా. అంగడాయన ‘విండోస్ 11 గేమింగ్ ఎడిషన్’ వేసిచ్చినాడు. ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) బాగానే వస్తాంది గానీ వాలరెంట్ గేమ్ తెరిస్తే వ్యాన్ 9001 అని ఎర్రర్. ఇదే ఉంచుకోవాలా, గేముల కోసం చేసిన స్టీమ్‌ఓఎస్‌కు మారాలా?

జవాబు: ఊరు మారుతోంది గానీ ఉత్తరం మారడం లేదు. మొన్న పుత్తూరు నుంచి, అంతకుముందు శ్రీకాళహస్తి నుంచి ఇదే గోడు. విండోస్ 11లో హోమ్, ప్రో, ఎడ్యుకేషన్, ఎంటర్‌ప్రైజ్ ఉన్నాయి. గేమింగ్ ఎడిషన్ లేదు. 2017లో వచ్చిన గేమ్ మోడ్ కూడా సెట్టింగ్స్‌లో ఒక స్విచ్, అంతే. మీకు వేసిచ్చింది, ఎవరో అసలు ఐఎస్‌ఓను (విండోస్ ఇన్‌స్టాల్ చేసే ఫైలును) విప్పి, అందులోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌ను పీకేసి, అప్‌డేట్లు ఆపేసి, మళ్లీ కట్టి నెట్‌లో పడేసిన మూట. ఎఫ్‌పీఎస్ బాగుందంటారా? కొత్త కార్డు, కొత్త ర్యామ్, బాగుండక ఏం చేస్తుంది!

9001 సంగతి చిన్నది. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎమ్ 2.0 (పీసీలోని భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే పీసీ మొదలయ్యేలా చూసేది) రెండూ ఆన్‌లో ఉండాలి. ఇలాంటి ఐఎస్‌ఓలు, విండోస్ 11 ఇన్‌స్టాల్ వేళ వీటి కోసం చేసే తనిఖీలను దాటవేసి ఇన్‌స్టాల్ అయ్యేలా తయారుచేసినవి. కాబట్టి బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే పీసీ సెట్టింగ్స్‌లో) అవి ఆఫ్‌లో ఉన్నా అంగడాయనకు తెలిసి ఉండదు.

నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. మీరు గేమ్ ఆడే పీసీలోనే నాయన నెట్ బ్యాంకింగ్ చూస్తాడు, మూడొందల దర్శనం టికెట్లు బుక్ చేస్తాడు, ఆధార్ స్కాన్లు డెస్క్‌టాప్ మీదే ఉంటాయి. 2023లో డాక్టర్ వెబ్ అనే యాంటీవైరస్ సంస్థ కొన్ని దొంగ విండోస్ 10 ఐఎస్‌ఓలను పరిశీలిస్తే, క్రిప్టో కరెన్సీ కాజేసే ట్రోజన్ అనే దొంగ ప్రోగ్రాం దొరికింది. అది దాక్కున్నది ఈఎఫ్ఐ పార్టిషన్‌లో, అంటే పీసీ బూట్ అయ్యేందుకు డిస్కులో ఉండే చిన్న భాగంలో. మామూలు స్కాన్ అక్కడ తొంగిచూసేది అరుదు. మీ మూటలో కూడా అదే ఉందని అనను. ఉంటే చెప్పాల్సిన డిఫెండర్‌ను ముందే పీకేశారు కదా, అదీ నా భయం. ఓటీపీ ఉంది కదా అని ధీమా పడకండి. బ్రౌజర్‌లోని లాగిన్ కుకీ (మీరు లాగిన్ అయ్యారని గుర్తుంచుకునే చిన్న ఫైలు) దొంగ చేతికి పోతే, పాస్‌వర్డూ ఓటీపీ ఏదీ అడక్కుండానే మీ మెయిల్ వాడి దగ్గర తెరుచుకుంటుంది.

అట్లని తప్పంతా అంగడాయనదే అనను. డబ్బు పెట్టి కొన్న ఓఎస్‌లో స్టార్ట్ మెనూ నిండా ప్రకటనలు, అడగని వార్తలు, ఎవరికీ అక్కర్లేని యాప్‌లు కుక్కి, సరిగ్గా మ్యాచ్ మధ్యలో రీస్టార్ట్ గుర్తుచేస్తే పిల్లలు ఇలాంటి మూటల వెంట పడక ఏం చేస్తారు? పైగా ఇప్పుడు కుర్చీకీ గేమింగ్ స్టిక్కరే, మౌస్ కింద వేసే పట్టాకీ అదే. ఇక ఓఎస్‌కు మాత్రం ఎందుకు అంటించరు!

చేయాల్సింది చెబుతా. ముందు ఫోన్ నుంచి పాస్‌వర్డులు మార్చి, అన్ని పరికరాల్లోనూ సైన్ అవుట్ చేయండి. ఫొటోలు, డాక్యుమెంట్లు కాపీ చేసుకోండి, ఈఎక్స్‌ఈ (ప్రోగ్రాం) ఫైలు ఒక్కటి కూడా వద్దు. నమ్మకమైన వేరే పీసీలో అధికారిక సైట్ నుంచి విండోస్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ డిస్కులోని పార్టిషన్లన్నీ, చిన్న ఈఎఫ్ఐతో సహా, తుడిచేయండి. బయోస్‌లో సీఎస్‌ఎమ్ (పాత పద్ధతి బూట్) ఆఫ్, టీపీఎమ్, సెక్యూర్ బూట్ ఆన్. లైసెన్సు లేకుండా విండోస్‌ను యాక్టివేట్ చేస్తానంటూ, యాంటీవైరస్ ఆపమని అడిగే యాక్టివేటర్ జోలికి పోవద్దు, లైసెన్సు కొనండి.

స్టీమ్‌ఓఎస్ మంచిదే. 2013లో డెబియన్ లినక్స్ మీద మొదలై, 2022లో స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పీసీతో వచ్చిన మూడో వెర్షన్‌కు ఆర్చ్ లినక్స్ మీదికి మారింది. 2018లో వచ్చిన ప్రోటాన్ అనే టూల్ పుణ్యమా అని విండోస్ గేములు చాలానే దాని మీద నడుస్తాయి. కానీ వాలరెంట్ నడవదు, ఫోర్ట్‌నైట్ నడవదు. మీ ప్రాణం వాలరెంట్ మీదే ఉంటే మారి లాభం లేదు.

చిత్తూరు నుంచి రాసిన విండోస్ 10 మిత్రుడికి: 2025 అక్టోబరు 14తో దానికి ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. ఈఎస్‌యూలో (గడువు తర్వాత కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకంలో) చేరితే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరవచ్చు, అంగడికి పోనక్కర్లేదు.