చిన్నచేపల మీద రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. మూడో పేజీ చివర "ఇంతవరకు ఆహారపు అలవాట్లు చూశాం, ఇక ప్రత్యుత్పత్తి విషయానికి వద్దాం" అని రాశావు చూడు, అక్కడ కాగితాలు పక్కన పెట్టేశాను. మర్నాడు మళ్లీ తీసి చివరిదాకా చదివాను. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ ఒక్క వాక్యం కోసమే. నీ భాష శుభ్రంగా ఉంది, చేపల్ని కళ్లారా చూసి రాశావని తెలుస్తోంది. మెచ్చుకోవడం ఇంతటితో ఆపుతాను, చెప్పాల్సింది చాలా ఉంది.

ఆ వాక్యం నీది కాదమ్మా. పాఠ్యపుస్తకంలోంచి నీ చేతిలోకి వచ్చింది. ఆవాసం, ఆహారం, ప్రత్యుత్పత్తి, ఆర్థిక ప్రాముఖ్యం అంటూ పరీక్షల్లో మార్కులు వేయడానికి వీలుగా ఎవరో గీసిన గళ్లు అవి. అంగుళంన్నర చేప ఆ గళ్లలో బతకదు. పొద్దున్న తిన్నది సాయంత్రానికి కండగానో గుడ్డుగానో మారాలి. పెద్ద జంతువులకైతే ఏళ్ల తరబడి పోగేసుకున్న కొవ్వు ఉంటుంది, కాన్పుకూ తిండికీ మధ్య కాస్త ఎడం ఉంటుంది. చిన్నచేపకు అంత ఎడం ఎక్కడిది? దాని తిండి గురించి రాస్తే సంతానం గురించి రాసినట్టే. విడగొట్టావంటే రెండూ చచ్చుబడతాయి. నీ వ్యాసంలో జరిగింది అదే.

నువ్వు రాసిన జీబ్రాఫిష్‌నే తీసుకో. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో దాన్ని మొదటిసారి వర్ణించాడు. ఇవాళ దేశదేశాల ప్రయోగశాలల్లో ఈదుతోంది. దాని దవడల్లో పళ్లు లేవు, గొంతులో ఉన్నాయి. జీర్ణాశయం అసలు లేదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. ఒక్క పూట మెక్కి దాచుకునే చోటు లేదు గనక పగలంతా కొంచెం కొంచెంగా తింటూనే ఉంటుంది. ఆ కొంచెం కొంచెమే ఆడచేప ఒంట్లో సొనగా మారి గుడ్లలోకి చేరుతుంది. తెల్లవారి వెలుగు పడగానే గుడ్లు విడుస్తుంది. ఒక్కో గుడ్డు మిల్లీమీటరు కూడా ఉండదు. రెండు మూడు రోజుల్లో పిల్ల బయటికి వస్తుంది, ఐదో రోజుకల్లా మేత వెతుక్కోవడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా అది తినేది ఏమిటి? తల్లి అంతకుముందెప్పుడో తిన్న నీటిపురుగునే, సొన రూపంలో. ఈ ఒక్క సంగతి రాసి ఉంటే నీ మూడో పేజీకీ నాలుగో పేజీకీ మధ్య గోడ లేచేదే కాదు.

ఇంకొకటి. "పాపం, తెలియక తమ గుడ్లను తామే తినేస్తాయి" అని రాశావు. జాలి ఎందుకు? నీళ్లలో గుడ్డును మించిన మేత లేదు. దాని నిండా ఉన్నది సొన. జీబ్రాఫిష్ గుడ్లకు కాపలా కాయదు, ఏ గుడ్డు తనదో గుర్తుపట్టే అవసరమూ దానికి లేదు. గులకరాళ్ల సందుల్లోకి జారినవి బతుకుతాయి, పైన మిగిలినవి ఎవరో ఒకరి కడుపులోకి పోతాయి, విడిచినవాళ్ల కడుపులోకైనా సరే. నువ్వు చూడాల్సింది ఆ గులకరాళ్ల సందుల్ని. చూడకుండా జాలిపడ్డావు.

పిల్లచేప నోరు కూడా చూడాలి. ఐదో రోజు పిల్లకు రోటిఫర్లు, పారమీషియం లాంటి కంటికి ఆనీ ఆనని జీవులు తప్ప ఇంకేవీ పట్టవు. దోమపిల్ల దానికి కొండంత. ఉష్ణమండలంలో చాలా చిన్నచేపలు వానలు పడి కొత్తనీరు గట్లు దాటి పాకినప్పుడే గుడ్లు పెడతాయని రాశావు, బాగుంది, కానీ ఎందుకో రాయలేదు. ఎండిన నేల మునిగి, ఆకూ అలమూ కుళ్లి, నీళ్లలో సూక్ష్మజీవులు పొంగిపొర్లే రోజులవి. అంత చిన్న నోటికి అందే మేత అప్పుడే అంత దండిగా ఉంటుంది.

నేను ఈ మాట మీద ఇంత పట్టుదలగా ఉండడానికి కారణం ఉంది. రాయడం మొదలుపెట్టిన కొత్తలో మూడు ముళ్ల స్టికిల్‌బాక్ మీద ఒక వ్యాసం రాశాను. జంతువుల ప్రవర్తన మీద చేసిన పనికి 1973లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఒకడైన నికో టింబర్జెన్ ఏళ్ల తరబడి చూసిన చేప అది. మగచేప తన మూత్రపిండాల్లోంచి వచ్చే జిగురుతో నాచుపోగులు అతికించి గూడు కడుతుంది. పొట్ట ఎర్రబారుతుంది. ఆడచేప ముందు వంకరటింకరగా ఈదుతూ గూటి వైపు పిలుస్తుంది. ఇదంతా రాసి, ఆ ఎరుపు ఎక్కడిదో కూడా రాశాను. ఎరుపునిచ్చే కెరోటినాయిడ్లను చేప ఒళ్లు సొంతంగా తయారు చేయలేదు, తిన్న చిన్న రొయ్యజాతి జీవుల్లోంచి రావాల్సిందే. అంటే ఆడచేప ఆ ఎర్రపొట్టను చూసినప్పుడు మగచేప ఎలా తింటున్నాడో చూస్తోందన్నమాట. నా వ్యాసానికి ప్రాణం అదే. ఆ పత్రిక సంపాదకుడు సరిగ్గా ఆ పేరానే కొట్టేశాడు. "పురుగుల సంగతి ఎవరికి కావాలండీ, నృత్యం చాలు" అన్నాడు. పైగా గూటి దగ్గర కాపలా కాసేది తండ్రి అని నేను రాస్తే దాన్ని తల్లిగా మార్చి అచ్చేశాడు, పాఠకులు కరుగుతారట! అచ్చయిన పత్రికను నేను ఎవరికీ చూపించలేదు. అదే వ్యాసాన్ని తిరగరాసి ఎన్ని చోట్లకు మోశానో. ఒకచోట వింతలు విశేషాల పేజీకి నాలుగు ముక్కల్లో కుదించమన్నారు. ఇంకోచోట అడిగింది బొమ్మలు మాత్రమే. ఇప్పుడైతే "ఈ చేప చేసే పని చూస్తే ఆశ్చర్యపోతారు" అనే శీర్షిక లేనిదే సాగడం లేదు. ఆ మాట రాసేవాళ్లలో ఎవరూ ఆ చేప ఏం తింటుందో రాయరు. ఆశ్చర్యమంతా అక్కడే ఉందమ్మా.

తల్లి అంటే గుర్తొచ్చింది. నీ ఐదో పేజీలో "మాతృప్రేమ" అని ఉపశీర్షిక పెట్టి బెట్టా చేప నురగ గూడు గురించి రాశావు. ఆ గూడు కట్టేది మగచేప. నోటి జిగురుతో బుడగలు ఊది, జారిపడిన గుడ్లను నోటితో ఏరి మళ్లీ బుడగల్లో పెట్టేదీ అదే. గుడ్లు పెట్టడం కాగానే ఆడచేపను తరిమేస్తుంది. ఉపశీర్షిక తీసెయ్. కానీ ఆ పేజీలోనే, దాదాపు కనిపించకుండా, ఒక వాక్యం ఉంది: "మేత వేసినా ఆ చేప గూటి కింద నుంచి కదల్లేదు." నువ్వు దాన్ని దాటి వెళ్లిపోయావు. నేను అక్కడ ఆగిపోయాను. నీ వ్యాసం మొత్తం ఆ వాక్యంలో ఉంది. కాపలా కాసే తండ్రి మేతకు పోతే గుడ్లు పోతాయి, పోకపోతే ఒళ్లు తగ్గుతుంది. స్టికిల్‌బాక్ తండ్రులు కాపలాలో ఉండగా కొన్ని గుడ్లు తామే తినడం శాస్త్రజ్ఞులు చాలాసార్లు చూశారు. ప్రేమ అన్నావంటే ఈ ఇరకాటం కనపడదు, క్రూరత్వం అన్నా కనపడదు. ఆ చేప పక్కన కూర్చుని ఎన్నాళ్లు తినలేదో, ఎప్పుడు మొదట తిందో, ఏం తిందో రాసి ఉంటే!

ఈ ఇరకాటాన్ని ఒక్కో చేప ఒక్కో రకంగా దాటుతుంది. నోట్లో గుడ్లు పొదిగే సిక్లిడ్ తల్లులున్నాయి, వారాల తరబడి దాదాపు పస్తు. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో ఆ పస్తును దోచుకునే క్యాట్‌ఫిష్ ఒకటుంది. సిక్లిడ్ గుడ్లు పెడుతున్న చోటికి దూరి తన గుడ్లు విడుస్తుంది, సిక్లిడ్ వాటినీ నోట్లోకి తీసుకుంటుంది. క్యాట్‌ఫిష్ పిల్లలు ముందుగా గుడ్లలోంచి బయటపడి, ఆ నోట్లోనే సిక్లిడ్ పిల్లల్ని తినేస్తాయి. డిస్కస్ చేపలు ఇంకో దారి పట్టాయి: తల్లీ తండ్రీ ఇద్దరి చర్మం మీదా ఊరే జిగురునే పిల్లలు కొరుక్కు తింటాయి. బిట్టర్లింగ్ సంగతి మరీ విచిత్రం. ఆడచేప పొడుగాటి గొట్టంతో మంచినీటి ఆల్చిప్ప మొప్పల్లోకి గుడ్లు దింపుతుంది. మగచేప ఆల్చిప్ప నీళ్లు పీల్చుకునే ద్వారం దగ్గర వీర్యం వదులుతుంది. ఆల్చిప్ప ఊపిరి కోసం, మేత కోసం లోపలికి లాక్కునే నీటితోనే అది గుడ్లను చేరుతుంది. ఇంకొకరి భోజనపు నీళ్లలో జరిగే గర్భధారణ! దీన్ని నువ్వు "ఆల్చిప్పల్లో గుడ్లు పెట్టును" అని ఒక్క ముక్కలో తేల్చేశావు.

గుడ్లు ఎన్ని పెట్టాలి, ఎంత పెద్దవి పెట్టాలి అన్నది కూడా తిండి ప్రశ్నే. ట్రినిడాడ్ దీవి వాగుల్లో ఉండే గప్పీ అనే చిన్నచేపల మీద జీవశాస్త్రజ్ఞుడు డేవిడ్ రెజ్నిక్, ఆయన తోటివాళ్లు దశాబ్దాలుగా చేసిన పని చదువు. పెద్దచేపలు వేటాడే చోట గప్పీలు త్వరగా ఈడుకొస్తాయి, చిన్నచిన్న పిల్లల్ని ఎక్కువగా కంటాయి. జలపాతాల పైన, ఆ వేటగాళ్లు చేరలేని చోట, గప్పీలు కిక్కిరిసి ఉంటాయి, మేతకు కరువు. అక్కడ పిల్లలు తక్కువ, ఒక్కో పిల్ల పెద్దది. పోటీలో మేత దక్కించుకోవాలంటే పుట్టుకతోనే కాస్త ఒళ్లుండాలి మరి. నువ్వేమో గప్పీ "20 నుంచి 60 పిల్లల్ని కంటుంది" అని ఒక అంకె ఇచ్చి ఊరుకున్నావు. ఏ నీళ్లలో గప్పీ అది? ఏం తిన్న గప్పీ?

గాంబూసియాను "మానవాళికి మేలు చేసే చేప" అన్నావు. ఇది మాత్రం నేను ఒప్పుకోను. దోమల్ని తింటుందని ఉత్తర అమెరికా నుంచి తీసుకెళ్లి ప్రపంచమంతా వదిలారు. అది దోమపిల్లల్ని తినేమాట నిజమే, వాటితోపాటు స్థానిక చేపల గుడ్లనూ పిల్లల్నీ తోకకప్పల్నీ కూడా తింటుంది. సాటి చేపల రెక్కలు కొరుకుతుంది. పైగా గుడ్లు పెట్టకుండా పిల్లల్నే కంటుంది గనక గుడ్ల దశలో దాని సంతానం ఎవరికీ మేత కాదు. దాని తిండీ దాని కాన్పూ కలిపి చూసినవాళ్లు దాన్ని ఇన్ని నీళ్లలో వదిలేవాళ్లు కాదు. మన గళ్ల పద్ధతి చేసిన నష్టం కాగితం మీదే ఆగలేదు, అందుకే ఇంత కోపం నాకు.

నా మాటకు సాక్ష్యం కావాలంటే అమెరికాలోని నెవాడా ఎడారిలో డెవిల్స్ హోల్ అనే నీటిగుంట ఉంది. నీళ్లు వేడిగా, దాదాపు 33 డిగ్రీలుంటాయి. గుంట అడుగు ఇంతవరకు ఎవరికీ అందలేదు. అందులోని పప్‌ఫిష్ అంగుళం పొడుగు చేప. ప్రపంచంలో సహజంగా ఇంకెక్కడా లేదు. అంత లోతు గుంటలో దానికి పనికొచ్చేది అంచున ఉన్న ఒక చిన్న రాతి అరుగు, పైన జానెడు నీళ్లు. ఎండ పడి నాచు పెరిగేది ఆ అరుగు మీదే. నాచునూ అందులోని పురుగుల్నీ చేపలు తినేది అక్కడే, గుడ్లు పెట్టేదీ అక్కడే. శీతకాలంలో కొన్ని వారాలు నేరుగా ఎండ పడదు, నాచు తగ్గుతుంది, చేపలూ తగ్గుతాయి. చుట్టుపక్కల సేద్యానికి భూగర్భజలం తోడేస్తుంటే నీటిమట్టం దిగి ఆ అరుగు బయటపడసాగింది. గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1976లో కోర్టు చేపల పక్షాన, అరుగు మునిగి ఉండేలా తోడకాన్ని కట్టడి చేస్తూ తీర్పిచ్చింది. అయినా 2013లో లెక్కిస్తే 35 చేపలే కనిపించాయి. భోజనాల గదీ పురిటిగదీ ఒకే అరుగు. దీన్ని రెండు అధ్యాయాలుగా రాయి చూద్దాం.

నువ్వు అడిగిన వాటిలో శాస్త్రీయనామాలు వాడాలా అన్నదానికి జవాబు: వాడు, మొదటిసారి ఒక్కసారి, తెలుగు లిపిలో. "పరిగె" అంటే ఒక చేప కాదు, ఎన్నో ఉన్నాయి. ఏ పరిగె గురించి రాస్తున్నావో పాఠకుడికి తెలియాలి.

తిరగరాసేటప్పుడు ఒక్కో చేప నోటితో మొదలుపెట్టు. నోరు పైకి తిరిగి ఉంటే అది నీటి పైపొరలో పడిన పురుగుల్ని అందుకునేది. కిందికి ఉండి మీసాలుంటే అడుగున తడుముకునేది. తర్వాత పేగు. నాచు తినేవాటికి ఒంటికి ఎన్నోరెట్లు పొడుగు పేగు, వేటాడేవాటికి పొట్టిది. ఆ పేగులోంచి గుడ్డులోకి వెళ్లు, గుడ్డులోంచి పిల్ల నోటిలోకి. శీర్షికలు వద్దు, ఉపశీర్షికలు అసలే వద్దు. ఆ బెట్టా చేపకు మళ్లీ గుడ్లు వచ్చేదాకా ఆగు. ఈసారి మేత వేసిన సమయం, ఎంత వేశావు, అది చూసిందా, చూసి కూడా రాలేదా, ఏ రోజు మొదటిసారి వచ్చింది, అన్నీ ఎక్కడికక్కడ రాసుకో. వచ్చిన రోజున గూట్లో గుడ్లు ఎన్ని మిగిలాయో కూడా. ఆ కాగితాలు ముందు నాకు పంపు, వ్యాసం తర్వాత పంపొచ్చు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు