బిగ్ బ్లైండ్‌లో టాప్ పెయిర్ పడినా చిప్స్ ఎందుకు పోతాయి?

హోల్డెమ్ పోకర్‌లో బటన్ (ఫ్లాప్ నుంచి అందరికంటే చివర ఆడే సీటు) రెయిజ్‌కి, అంటే పందెం పెంచితే, బిగ్ బ్లైండ్ (ముక్కలు చూడకముందే తప్పనిసరి పందెం పెట్టే సీటు) నుంచి కాల్ చేస్తున్నానని, అంటే సమానంగా పెడుతున్నానని, ఫ్లాప్‌లో (బల్ల మీద అందరికీ కలిపి మొదట తెరిచే మూడు ముక్కలు) టాప్ పెయిర్ (వాటిలో పెద్ద ముక్కతో జత) దొరికినా చివరికి నష్టమే మిగులుతోందని అడిగారు. నాకూ చాలాకాలం ఇదే జబ్బు ఉండేది.

బాగా వాత పెట్టిన హ్యాండ్ ఒకటి చెప్తాను. నా చేతిలో డైమన్ కింగ్, డైమన్ తొమ్మిది. ఫ్లాప్‌లో ఇస్పేట్ కింగ్, ఆఠీన్ ఎనిమిది, కళావర్ నాలుగు. అవతలి వాళ్ల దగ్గర ఏముందో తేలిపోతుందిలే అని ముందే బెట్ వేశాను. కాల్ చేశాడు. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, రెండు పడింది, మళ్ళీ వేశాను. ఈసారి రెయిజ్! ముచ్చెమటలు పోశాయి. వదిలేస్తే వేసిందంతా పోతుంది, కాల్ చేస్తే రివర్‌లో (ఐదోది, చివరి ముక్క) ఇంకో పెద్ద బెట్ తప్పదు. రోషానికి పోయి రెండుసార్లూ కాల్ చేశాను. ఏస్-కింగ్ చూపించాడు. ఇద్దరిదీ కింగ్ జతే, కానీ పక్కన ఏస్ ఉంది కాబట్టి గెలుపు అతనిదే. తీరిగ్గా ఆలోచిస్తే తెలిసింది: నా బెట్లకి నాకంటే తక్కువ హ్యాండ్లన్నీ దాదాపు ఫోల్డ్ అయిపోతాయి (ఆట వదిలేస్తాయి), ఇక నాతో మిగిలేవి నన్ను ఓడించేవే.

ఇప్పుడు అదే హ్యాండ్‌తో చెక్ చేస్తాను, అంటే పందెం వేయకుండా వంతు దాటిస్తాను. ముందు రెయిజ్ చేసింది అతనే కాబట్టి, ఏమీ తగలకపోయినా ఫ్లాప్‌లో చాలాసార్లు బెట్ వేస్తాడు. పాట్‌లో (మధ్యలో పోగైన పందెం) 60 ఉంటే అతను 20 వేశాడనుకోండి. నేను ఇంకో 20 పెడితే మొత్తం 100, అంటే ఐదింట ఒకసారి గెలిచినా గిట్టుబాటే. అదే 60 వేస్తే మూడింట ఒకసారి గెలవాలి. అయితే నిజానికి ఈ లెక్క కంటే కాస్త ఎక్కువే గెలిచే అవకాశం ఉండాలి. టర్న్‌లో, రివర్‌లో కూడా ముందు మాట్లాడాల్సింది మనమే కాబట్టి, గెలవాల్సిన హ్యాండ్లు కొన్ని మధ్యలోనే వదిలేస్తాం.

చెక్ అంటే చేతులెత్తేయడమేనని అవతల పసిగట్టారా, ఇక ప్రతిసారీ బాదుతారు. అందుకే సెట్ (చేతిలోని జతకి ఫ్లాప్‌లో మూడోది) పడినా, రెండు జతలు పడినా నాది మొదట చెక్కే. అతను బెట్ వేశాక రెయిజ్. వాటిలో కొన్ని ఫ్లష్ డ్రాలు (ఒకే రంగు ఐదు ముక్కలకి ఇంకొక్కటి తక్కువైనవి) కూడా కలుపుతాను. 9 అవుట్లు (మనకి పనికొచ్చే మిగతా ముక్కలు) ఉంటాయి, రివర్ దాకా వెళ్తే దాదాపు 35 శాతం తగులుతుంది, కాబట్టి అతను కాల్ చేసినా కొంప మునగదు. కింగ్-తొమ్మిది లాంటి వాటితో మాత్రం చెక్-రెయిజ్ జోలికి వెళ్లను.

7-6-5 లాంటి ఫ్లాప్ సంగతి వేరు. బిగ్ బ్లైండ్ నుంచి చిన్న ముక్కలతో ఎక్కువ ఆడతాం కాబట్టి అక్కడ స్ట్రెయిట్లు (వరుసగా ఐదు ముక్కలు), రెండు జతలు మన వైపే ఎక్కువ. ముందే బెట్ వేయాలనిపిస్తే ఇలాంటి చోట్లే వేస్తాను, అదీ చిన్నగా. (అసలు సగం రోగం ఫ్లాప్‌కి ముందే ఉంటుంది. రంగు కలవని కింగ్-నాలుగుని పెద్ద రెయిజ్‌కి కాల్ చేయడం మానేశాక నాకు చాలా టెన్షన్ తగ్గింది.)

మళ్ళీ ఆ కింగ్-తొమ్మిది దగ్గరికొస్తే, ఫ్లాప్‌లో కాల్ చేసి టర్న్‌లో చెక్ చేస్తాను. అతనూ చెక్ చేస్తే ఏస్-కింగ్ భయం చాలావరకు పోయినట్టే. అప్పుడు రివర్‌లో సగం పాట్ వేస్తాను. ఎనిమిదుల జత పట్టుకుని కూర్చున్నవాళ్లు అనుమానంతో కాల్ చేసేది అక్కడే.