లౌడన్ కౌంటీ ఏ పార్టీ వైపు? పదమూడేళ్లుగా ఇక్కడున్న నేను చూసింది

డల్లాస్ నుంచి వర్జీనియాలోని లౌడన్ కౌంటీకి మారుతున్నాం, ఆష్‌బర్న్‌లో ఇల్లు చూస్తున్నాం, అక్కడి జనం ఏ పార్టీ వైపు ఉంటారని మీరు అడిగారు. నేను 2012 నుంచి ఆష్‌బర్న్‌లోనే ఉంటున్నాను. సిటిజన్‌షిప్ వచ్చాక రెండుసార్లు పోలింగ్ కేంద్రంలో కూడా పనిచేశాను.

అధ్యక్ష ఎన్నికలు మాత్రమే చూస్తే ఇది డెమోక్రాట్ల కౌంటీయే. అయితే మొదటినుంచీ ఇలా లేదు. 1964 తర్వాత ఇక్కడ మళ్లీ ఒక డెమోక్రాట్ గెలిచింది 2008లో, ఒబామాతోనే. 2004లో బుష్‌కి దాదాపు 56 శాతం ఓట్లు పడిన చోట 2020లో బైడెన్‌కి 61 శాతం దాటాయి. పాతకాపులు మనసు మార్చుకున్నారని నేననుకోను. ఊరే మారిపోయింది. 2000లో లక్షా 70 వేలున్న జనాభా 2020 నాటికి 4 లక్షల 20 వేలకు చేరింది. డేటా సెంటర్లు, ఐటీ కాంట్రాక్టులు, డల్లెస్ ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడినవాళ్లే ఎక్కువ. మనవాళ్లూ అలా వచ్చినవాళ్లమే.

మీరు చూస్తున్న ఆష్‌బర్న్, పక్కనే స్టెర్లింగ్, సౌత్ రైడింగ్ తూర్పు వైపున ఉంటాయి. అక్కడ డెమోక్రాట్ల బలం ఎక్కువ. లీస్‌బర్గ్ దాటి పడమరకు వెళ్తే గుర్రాల ఫారాలు, వైనరీలు, పర్సెల్‌విల్ లాంటి చిన్న ఊళ్లు. అటు రిపబ్లికన్ బోర్డులు ఎక్కువ కనిపిస్తాయి. అరగంట డ్రైవ్‌లో వేరే కౌంటీకి వచ్చామా అనిపిస్తుంది.

తూర్పు వైపు కూడా ఓటు స్థిరంగా ఏమీ ఉండదు. 2021 గవర్నర్ ఎన్నికల్లో డెమోక్రాట్ అభ్యర్థికి ఇక్కడ 55 శాతమే వచ్చాయి. ఏడాది కిందటి బైడెన్ లెక్కతో పోలిస్తే పెద్ద తగ్గుదలే. ఆ వేసవిలో స్కూల్ బోర్డ్ మీటింగ్ గొడవ దేశమంతా టీవీల్లో వచ్చింది. అంతకుముందు నెలల తరబడి ఆన్‌లైన్ క్లాసులు. మా అబ్బాయి అప్పుడు నాలుగో తరగతి, ల్యాప్‌టాప్ ముందే నిద్రపోయేవాడు. ఎప్పుడూ ఒకే పార్టీకి వేసే స్నేహితులు ఆ ఏడాది రెండోవైపు వేశామని నాతో చెప్పారు. 2024లో హారిస్‌కి సుమారు 56 శాతం, ట్రంప్‌కి 40 దరిదాపుల్లో వచ్చాయి. తెలుగువాళ్లంతా ఒకే పార్టీ అనుకోకండి. ఆ రోజుల్లో మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో వాదనలు అర్ధరాత్రి దాకా నడిచాయి.

నన్నడిగితే ఈ కౌంటీ సంగతి తెలియాలంటే 2023 ఎన్నికలు చూడాలి. కౌంటీని నడిపే సూపర్‌వైజర్ల బోర్డులో 9 సీట్లకు 7 డెమోక్రాట్లకు వచ్చాయి. అదే రోజు, అదే బ్యాలెట్ మీద షెరీఫ్‌గా రిపబ్లికన్ గెలిచారు. కామన్వెల్త్ అటార్నీ, అంటే కౌంటీ ప్రాసిక్యూటర్ పదవి కూడా రిపబ్లికన్‌కే వెళ్లింది. లక్షకు పైగా ఓట్లు పోలైతే తేడా సుమారు 300. అంటే జనం పార్టీ చూసి పైనుంచి కిందదాకా గీసుకుంటూ పోలేదు, ఒక్కో పదవికి మనిషిని చూసి వేశారు. ఆ 300 ఓట్లు మా చుట్టుపక్కల రెండు కాలనీల్లోనే దొరుకుతాయి. కొత్తగా సిటిజన్లయి, అధ్యక్ష ఎన్నికలప్పుడు తప్ప బయటికి రాని మనవాళ్ల ఇళ్లు నాకు అంతకన్నా ఎక్కువే తెలుసు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. స్కూల్ హద్దులు, ఇంటి పన్ను, ఇంటి వెనక డేటా సెంటర్ వస్తుందా రాదా అన్నవి తేలేది ఈ చిన్న ఎన్నికల్లోనే. 2025 మార్చిలో డేటా సెంటర్లకు ఆటోమేటిక్‌గా అనుమతి దొరికే పద్ధతి తీసేసింది ఈ సూపర్‌వైజర్ల బోర్డే.

ఆ 2023 ఎన్నికల రోజు నేను పోలింగ్ కేంద్రంలో బ్యాలెట్లు ఇస్తున్నాను. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, కొడుకు దగ్గర ఉంటారు, మొదటిసారి ఓటు వేస్తున్నారు. కాగితం అటూ ఇటూ తిప్పి, "గుర్తులు లేవేంటి బాబూ?" అన్నారు. మనకు చెయ్యో, సైకిలో, ఫ్యానో, కారో ఉంటే సరిపోతుంది కదా. ఇక్కడ ఉన్నవి పేర్లే. సూపర్‌వైజర్, స్కూల్ బోర్డ్ లాంటి స్థానిక పదవులకైతే పేరు పక్కన పార్టీ కూడా రాయరు. ఎవరు ఏ పార్టీయో లోపల మేం చెప్పకూడదు. బయట తలుపుకి 40 అడుగుల అవతల పార్టీలవాళ్లు తమ అభ్యర్థుల పేర్లతో శాంపిల్ బ్యాలెట్లు పంచుతారు, ఆవిడ అవి తీసుకోకుండా వచ్చేశారు. తెలియనివి ఖాళీగా వదిలేసినా మీ ఓటు చెల్లుతుందమ్మా అన్నాను. వెళ్తూ వెళ్తూ, "రెండే గీశాను బాబూ, మిగతావాళ్లెవరో తెలియలేదు" అన్నారు.

మీకు ఇంకా గ్రీన్ కార్డే అయితే ఒక జాగ్రత్త. డీఎంవీలో లైసెన్స్ మార్చుకునేటప్పుడు ఓటరు నమోదు గురించి అడుగుతారు. సిటిజన్ కానివాళ్లు పొరపాటున కూడా అవునని పెట్టకూడదు. తర్వాత సిటిజన్‌షిప్‌కే ఎసరు రావచ్చు.

ఆ పెద్దావిడ 2025 నవంబర్‌లో మళ్లీ వచ్చారు. చేతిలో మడత పెట్టిన చిన్న కాగితం, అందులో పేర్లన్నీ తెలుగులో రాసుకుని తెచ్చుకున్నారు. బయటికెళ్తూ నా బల్ల దగ్గర ఆగి, "ఈసారి ఒక్కటీ వదల్లేదు" అన్నారు.