బొండాల కత్తిని కమ్మరి దగ్గరే ఎందుకు చేయించుకుంటారు?

కోనసీమలో బొండాలు కొట్టేవాళ్లు షాపు కత్తి కొనకుండా కొలిమి దగ్గరే ఎందుకు చేయించుకుంటారని అడిగారు. మొదటి కారణం ఇనుము. కమ్మరి ఎక్కువగా పాత లారీ కమాను పట్టీ (చక్రాల పైన ఉండే స్ప్రింగు పట్టీ) తీసుకుంటాడు. అందులో కార్బన్ సుమారు 0.5-0.6 శాతం ఉంటుంది, మామూలు మెత్తని ఇనుములో 0.25 లోపే. కార్బన్ చాలకపోతే ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు.

అసలు పనితనం ముంచడంలో ఉంది. ముంచే ముందు ఎంత కాగిందో తెలియాలి. సుమారు 770 డిగ్రీలు దాటితే ఇనుముకు అయస్కాంతం అంటుకోదు, అదో గుర్తు. చేయి తిరిగిన కమ్మరికి అయస్కాంతం ఎందుకు, రంగు చూసి చెప్పేస్తాడు. కొలిమి పాక నీడలో ఉండేది అందుకే, ఎండలో ఆ ఎరుపులో తేడా తెలీదు. ఇంకాస్త కాగాక అంచు వరకే నూనెలోనో నీళ్లలోనో ముంచుతాడు. సుయ్యిమంటుంది. వెనక భాగం మెత్తగా ఉండిపోయి దెబ్బ తట్టుకుంటుంది. తర్వాత అంచును రాయితో రుద్ది, వెనక మిగిలిన వేడి పాకి అక్కడ ఎండుగడ్డి రంగు వచ్చేదాకా ఆగుతాడు. ఆగకపోతే గాజులా పెళుసు. మేం తొందరపెట్టి చేయించుకున్న కత్తి మూడో గెలకే పెచ్చు లేచింది, తప్పు మాదే.

పిడి కూడా మీ గుప్పిటి కొలతకే చెక్కిస్తారు. ఈ కత్తి చూపుకి నల్లగా ఉంటుంది, తడి తుడవకపోతే తెల్లారేసరికి తుప్పు.