బార్బిట్యురేట్ల మీద పరిశోధనకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది కదిరి. నాన్న ఉద్యోగం వల్ల బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. బీఫార్మసీ చివరి సంవత్సరం చదువుతున్నాను. బార్బిట్యురేట్ మందులు (మెదడును మందగింపజేసే పాతకాలపు నిద్రమందులు) మోతాదు మించితే కళ్లు కదలకుండా నిలిచిపోతాయని క్లాసులో విన్నప్పటి నుంచీ దాని మీదే పరిశోధన చేయాలని ఉంది. నాన్నేమో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను కనిపెట్టుకుని ఉండే పని) ఉద్యోగంలో చేరమంటున్నారు.

జవాబు: ముందు ఓ చిన్న పని చేయమ్మా. బొటనవేలు ఎదురుగా పెట్టుకుని, గోరునే చూస్తూ తల అటూ ఇటూ గబగబా తిప్పు. గోరు స్పష్టంగానే కనిపిస్తుంది. ఇప్పుడు తల కదపకుండా వేలిని అంతే వేగంగా ఊపు, అలుక్కుపోతుంది. మొదటిసారి చూపును నిలబెట్టింది లోపలి చెవి నుంచి బ్రెయిన్‌స్టెమ్ (మెదడును వెన్నుపాముతో కలిపే కాండం) మీదుగా కంటి కండరాలకు వెళ్లే సంకేతం. బార్బిట్యురేట్ ఎక్కువై స్పృహ తప్పినవాళ్లలో ఆగిపోయేది అదే. తల ఎటు తిప్పితే కళ్లూ అటే పోతాయి. కంటిపాప మాత్రం చాలాసార్లు వెలుతురుకు ముడుచుకుంటూనే ఉంటుంది. కండరం చెడిపోలేదు కాబట్టి మందు ఒంట్లోంచి పోయాక కదలిక తిరిగొస్తుంది. కళ్లు కదలట్లేదు కదా అని మందు ప్రభావం ఉండగా బ్రెయిన్ డెడ్ అని తేల్చకూడదనేది ఇందుకే.

విషయం మంచిదే, కానీ ఈ ఒక్క మందునే నమ్ముకుంటే కష్టం. 1912లో ల్యూమినాల్ పేరుతో వచ్చిన ఫినోబార్బిటాల్‌ను మూర్ఛకు ఇప్పటికీ వాడుతున్నారు గానీ, నిద్ర కోసం బార్బిట్యురేట్లు రాసే డాక్టర్లు దాదాపు లేరు. కేసులు దొరకవు (దొరక్కపోవడమే నయం). ప్రశ్నను కాస్త వెడల్పు చెయ్: మెదడు మీద పనిచేసే మందులు కంటి కదలికను ఎలా మారుస్తాయి? ఫెనిటాయిన్ ఎక్కువైన మూర్ఛ రోగిలో కళ్లు అదరడం న్యూరాలజీ డాక్టర్లకు బాగా తెలిసిన సంగతే.

జీప్యాట్ (ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష) రాసి ఎంఫార్మసీ ఫార్మకాలజీలో చేరు. ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) స్కాలర్‌షిప్ వస్తే నెలకు 12,400 రూపాయలు. బెంగళూరులో హాస్టల్‌కు, తిండికే సరిపోదు, ఇంట్లో ఉంటావు కాబట్టి నెట్టుకురావచ్చు. పీహెచ్‌డీకి ఊరు దాటక్కర్లేదు, మెదడు, మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఉంది, ఐఐఎస్‌సీలో సెంటర్ ఫర్ న్యూరోసైన్స్ ఉంది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000. ఈలోపు పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకో, కంటి కదలికల రికార్డింగ్ అంటే చివరికి అంకెల కుప్పే.

నాన్నగారి మాటా కొట్టిపారేయకు. జీప్యాట్ మొదటిసారి రాకపోతే ఏడాది పాటు ఆ ఉద్యోగమే చెయ్. మందుల దుష్ప్రభావాల రిపోర్టులు రోజూ నీ చేతుల మీదుగా వెళ్తాయి. ఒకటి రెండుగా కనిపిస్తోందని ఎవరైనా రాస్తే, ఏ మందు వాడుతున్నారో అందరికంటే ముందు చూసేది నువ్వే.