ఓటమి ఎరుగని గ్రాంబ్లింగ్

ప్రశ్న: సార్, అమెరికాలో నల్లజాతి కళాశాలలకు విడిగా ఫుట్‌బాల్ జట్లుండేవట. అంత బాగా ఆడేవారా?
– డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: ఎంత మాట నాయనా! తిరుపతిలో పీఈటీగా ఏళ్లతరబడి పిల్లల్ని ఆడించిన నాకు 1955 నాటి గ్రాంబ్లింగ్ జట్టంటే ప్రాణం. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఒక చిన్న ఊరి నల్లజాతి కళాశాల అది. వాళ్ల ఫుట్‌బాల్ వేరు, కోలబంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. ఆ సీజన్‌లో 10కి 10 గెలిచారు. నల్లజాతి కళాశాలల పెద్ద మ్యాచ్ ఆరెంజ్ బ్లాసమ్ క్లాసిక్‌లో, పేరున్న కోచ్ జేక్ గైథర్ తీర్చిదిద్దిన ఫ్లోరిడా ఏ అండ్ ఎం కళాశాల జట్టునే 28-21తో ఓడించారు.

కోచ్ ఎడ్డీ రాబిన్సన్. 1941లో చేరిన కొత్తలో మైదానంలో గడ్డి కోయడం, గీతలు గీయడం కూడా ఆయన పనే. ఆ రోజుల్లో అమెరికా దక్షిణాది హోటళ్లలో నల్లవాళ్లను కూర్చోనిచ్చేవారు కాదు కాబట్టి ప్రయాణాల్లో పిల్లలకు శాండ్‌విచ్‌లు తానే చేసిచ్చేవాడు. మేం మదనపల్లెకు మ్యాచ్‌కెళ్తూ పులిహోర పొట్లాలు కట్టుకున్నది ఖర్చు కలిసొస్తుందని. వాళ్లకు దారిలో తలుపు తీసేవాళ్లే లేరు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది.

ఆయన శిష్యుడు ట్యాంక్ యంగర్ 1949లో లాస్ ఏంజెలెస్ రామ్స్ అనే వృత్తి జట్టులో చేరాడు. నల్లజాతి కళాశాలల నుంచి ఎన్ఎఫ్ఎల్‌కు, అంటే అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్‌కు, వెళ్లిన మొదటివాడు అతనే. 1955 జట్టులోని విల్లీ డేవిస్ తర్వాత గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుతో మొదటి రెండు సూపర్ బౌల్‌లూ, అంటే వృత్తి ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్, గెలిచాడు.