ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ రావడం లేదు

ప్రశ్న: విడిభాగాలు కొని కంప్యూటర్ సొంతంగా బిగించుకున్నాను. ఆన్ చేస్తే గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ, మానిటర్ మీద ‘నో సిగ్నల్’ అని వస్తోంది. కార్డు పోయినట్టేనా?

జవాబు: అప్పుడే ఆ మాట అనుకోకండి. ముందు మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. మామూలు టవర్ క్యాబినెట్ వెనక, పైన నిలువు వరుసలో ఉండే పోర్టులు మదర్‌బోర్డువి. వాటి కింద అడ్డంగా ఉండేవి కార్డువి. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో వాడుకోదగ్గ గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి, పై పోర్టులో కేబుల్ పెడితే ఎంతసేపు చూసినా తెర వెలగదు.

కేబుల్ సరిగానే ఉంటే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి ఉంచండి. బ్రాకెట్ (కార్డును క్యాబినెట్‌కు బిగించే రేకు పట్టీ) స్క్రూలు విప్పి, స్లాట్ (మదర్‌బోర్డు మీద కార్డు కూర్చునే గాడి) చివరి క్లిప్ నొక్కి కార్డును బయటికి తీసి మళ్లీ కూర్చోబెట్టండి. కూర్చున్నాక స్లాట్‌ను పక్క నుంచి టార్చి వేసి చూడాలి. కార్డు అంచున బంగారు రంగు గీతలు ఒక కొస మునిగి, రెండో కొస కాస్త పైకి కనిపిస్తుంటే బ్రాకెట్ కింది నాలుక క్యాబినెట్ రేకుకు తట్టుకుంటోందన్న మాట. అలాగే స్క్రూ బిగిస్తే కార్డు ఇంకా వంకరవుతుంది.

తర్వాత కరెంటు. స్లాట్ నుంచి గరిష్ఠంగా 75 వాట్లు, ఆరు పిన్నుల కనెక్టర్‌తో 75, ఎనిమిది పిన్నులదానితో 150 వాట్లు అందుతాయి. కార్డు మీద ఎన్ని సాకెట్లుంటే అన్నీ నింపాలి. ఫ్యాన్లు తిరగడానికి కొద్దిపాటి కరెంటు చాలు, చిప్ లేవడానికి చాలదు. ప్రాసెసర్ కేబుల్ నాలుగు, నాలుగుగా విడిపోతుంది. కార్డుది ఆరు, రెండుగా విడిపోతుంది. ఒకదాన్ని రెండోదాని సాకెట్లో బలవంతాన దూర్చవద్దు. వేరే ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన మాడ్యులర్ (రెండు వైపులా ఊడదీసే వీలున్న) కేబుల్ కూడా వాడవద్దు. కార్డు వైపు తల ఒకేలా ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస కంపెనీకో రకం. తేడా వస్తే కార్డు కాలిపోవచ్చు.

కార్డు బాగా పాతదైతే ఇంకో చిక్కు ఉంది. యూఈఎఫ్‌ఐ (కంప్యూటర్ మొదలయ్యే కొత్త పద్ధతి) ఫర్మ్‌వేర్ లేని కార్డుతో, బయాస్‌లో (ఆన్ చేయగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌లో) సీఎస్‌ఎం (పాత పద్ధతికి వీలిచ్చే సెట్టింగ్) ఆపి ఉంటే బొమ్మ రాదు.

ప్రశ్న: మామూలు పనులకు ఏ ఇబ్బందీ లేదు. గేమ్ మొదలెట్టిన పది నిమిషాలకు తెర నల్లబడుతుంది, ఒక్కోసారి మొత్తం రీస్టార్ట్ అవుతుంది. 300 వాట్ల కార్డు. ఒకే కేబుల్‌కున్న రెండు తలలనూ దానికి పెట్టాను.

జవాబు: మీ చివరి వాక్యంలోనే అనుమానించాల్సింది ఉంది. స్లాట్ 75 వాట్లు ఇచ్చినా, మిగతా 225 వాట్లు ఆ ఒక్క కేబుల్ మోయాలి. 12 వోల్టుల మీద అది దాదాపు 19 ఆంపియర్లు. పైగా కార్డు లాగే కరెంటు నిలకడగా ఉండదు, కొన్ని మిల్లీసెకన్ల పాటు చాలా ఎగబాకుతుంది. ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు తెచ్చి పెట్టండి. చాలామందికి ఇక్కడితోనే తీరుతుంది.

తీరకపోతే ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్‌ను (కార్డు వాడగల కరెంటు హద్దును) 80 శాతానికి దించి అదే గేమ్ ఆడండి. సమస్య ఆగితే తప్పు కరెంటుదో వేడిదో అయ్యుంటుంది. వేడి సంగతి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ చెబుతుంది: చిప్ ఉష్ణోగ్రతకు, ‘హాట్ స్పాట్’కు (చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కిన చోటుకు) మధ్య 10 నుంచి 20 డిగ్రీల తేడా మామూలే. 30 దాటితే థర్మల్ పేస్టు (చిప్ వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే పూత) ఎండిందనో, హీట్‌సింక్ (వేడిని బయటికి పంపే లోహపు దిమ్మ) సరిగా ఆనడం లేదనో అనుమానించాలి.

తెర నల్లబడి, రెండు మూడు సెకన్లకు మళ్లీ వస్తే కథ వేరు. కార్డు రెండు సెకన్లలో బదులివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను రీసెట్ చేస్తుంది; ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తప్పుల చిట్టాలో) 4101 నంబరు కనిపిస్తుంది. అప్పుడు ఓవర్‌క్లాక్ (కార్డును మామూలు కన్నా వేగంగా నడిపే సెట్టింగ్) తీసేయండి, ర్యామ్ ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం పెంచే బయాస్ సెట్టింగ్) కూడా ఆపి చూడండి. ర్యామ్ తప్పు కార్డు మీద పడడం తరచూ జరిగేదే.

ప్రశ్న: కార్డు మార్చాక తెర మినుకుమినుకుమంటోంది. పాత డ్రైవర్ అలాగే ఉంది.

జవాబు: కొత్త డ్రైవర్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, నెట్ తీసేయండి. లేకపోతే విండోస్ తనంతట తాను ఏదో ఒకటి ఎక్కించేస్తుంది. సేఫ్ మోడ్‌లో (విండోస్ కనీస ప్రోగ్రామ్‌లతోనే నడిచే తీరులో) డీడీయూ అనే డ్రైవర్ తొలగించే ప్రోగ్రామ్‌తో పాతది తుడిచి, రీస్టార్ట్ చేసి, కొత్తది ఎక్కించండి.

ప్రశ్న: తెర మీద రంగురంగుల చుక్కలు, గళ్లు వస్తున్నాయి. ఓవెన్‌లో వేడి చేస్తే బాగవుతుందట, నిజమేనా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. ఒకవేళ పనిచేసినా కొన్నాళ్ల ముచ్చటే, పైగా ఆ పొగ ఒంటికి మంచిది కాదు. ముందు చుక్కలున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని ఫోన్‌లో చూడండి. అందులో చుక్కలు లేకపోతే చాలావరకు తప్పు కేబుల్‌దో మానిటర్‌దో. ఉంటే బయాస్ తెర తెరవండి. అక్కడ విండోస్ డ్రైవర్ పని చేయదు కాబట్టి, అక్కడా చుక్కలుంటే కార్డు మెమరీ చిప్పులోనో, దాని సోల్డరింగ్‌లోనో లోపమని గట్టిగా అనుమానించవచ్చు. ఇంకో కంప్యూటర్‌లో పెట్టి రూఢి చేసుకోండి. వారంటీ ఉంటే హీట్‌సింక్ విప్పకుండా అలాగే పంపండి.